నవ్వు ఎక్కడ ఆగింది? – చేదు ప్రేమకథల కామెడీలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రేమ, పెళ్లి, నవ్వు అంటూ మొదలై చావు, దెబ్బలు, మోసం దగ్గర తేలే సినిమాల మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. బరంపురం నుంచి జయపురం దాకా ఒడిశా వైపు తెలుగు పాఠకులు రాసిన వాటిలోంచి ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: భార్యాభర్తలు ఒకరినొకరు వదిలించుకోవాలని చూసే రొమాంటిక్ కామెడీ ఒకటి ఓటీటీలో చూద్దామనుకున్నాం. ఒక తెలుగు సైట్ 2 ఇచ్చింది, ఇంకోటి 3.5 ఇచ్చింది. ఇంగ్లిష్ సైట్‌లో చూస్తే 80 శాతం పైనే ఉంది. దేన్ని నమ్మమంటారు?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆ మూడూ ఒకే కొలత కాదండీ. తెలుగు సైట్ ఇచ్చే అంకె ఒక్క మనిషి అభిప్రాయం. మీరు చూసిన శాతం రాటెన్ టొమాటోస్ లాంటి సైట్‌ది అయి ఉంటుంది. అది అసలు మార్కే కాదు, తలల లెక్క. వంద రివ్యూల్లో ఎనభై ‘బాగుంది’ వైపు ఉంటే 80 శాతం అని వేస్తారు. ఎంత బాగుందో అది చెప్పదు. పదిమంది విమర్శకులు 5కి 3 చొప్పున ఇచ్చి ‘పర్వాలేదు, చూడొచ్చు’ అన్నా అక్కడ 100 శాతం పడొచ్చు. 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎర్ర టొమాటో గుర్తు, తగ్గితే ఆకుపచ్చ మరక. మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ లెక్క వేరు. అక్కడ ఒక్కో రివ్యూని 100కి మార్చి, పత్రికను బట్టి ఒక్కోదానికి ఎక్కువ తక్కువ విలువ కట్టి సగటు తీస్తారు. సినిమాస్కోర్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది విమర్శకులది కాదు. అమెరికాలో విడుదలైన మొదటి రోజు టికెట్ కొని చూసినవాళ్లని అడిగి ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడు. ట్రైలర్ చూసి తేలికపాటి ప్రేమకథ అనుకుని వెళ్లినవాళ్లకి లోపల శవం ఎదురైతే ఆ గ్రేడు పడిపోతుంది. సినిమా చెడ్డదని దానర్థం కాదు, ట్రైలర్ ఒకటి చెప్పి సినిమా ఇంకోటి చూపించిందని అర్థం.

ఈ జాతి సినిమాలకి సగటు దేనికీ పనికిరాదు. ఒక చిన్న లెక్క చూడండి. ఒక సినిమాకి పది రివ్యూలు, పదీ 2.75. ఇంకో సినిమాకి అయిదుగురు 4 ఇచ్చారు, అయిదుగురు 1.5 ఇచ్చారు. దాని సగటూ 2.75 దగ్గరే తేలుతుంది. మొదటిది ఎవరికీ గుర్తుండని సినిమా. రెండోది కొందరి మనసుకి పట్టేసిన సినిమా, కొందరికి కడుపులో తిప్పిన సినిమా. చేదు కామెడీలు ఎక్కువగా రెండో బాపతు. అందుకని మధ్యలో ఉన్న మార్కులన్నీ వదిలేసి, అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చిన రివ్యూ ఒకటి, అన్నిటికన్నా తక్కువ ఇచ్చింది ఒకటి పూర్తిగా చదవండి. ఇద్దరూ ఒకే సీన్ గురించి మాట్లాడుతూ ఒకరు మెచ్చుకుని ఒకరు తిడితే, ఆ సీన్ మీకు పడుతుందో లేదో చూసుకోండి. నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఇద్దరూ వేర్వేరు సీన్లలో ఒకే లోపం చూపిస్తే మాత్రం, ఉదాహరణకి సెకండాఫ్‌లో పాత్రలు ఎందుకలా చేస్తున్నాయో తెలియడం లేదని ఇద్దరూ రాస్తే, ఆ లోపం నిజమే.

ఇంకో సంగతి. విడుదల రోజు పొద్దున్నే వచ్చే రివ్యూ మొదటి ఆట చూసి గబగబా రాసింది. పాటలు, ఫైట్లు ఉన్న సినిమాకి అది సరిపోతుంది. చివరి అరగంటలో మొత్తం అర్థం మారిపోయే సినిమాకి సరిపోదు. రెండు మూడు రోజులు ఆగి వచ్చినవి చదవండి.

ప్రశ్న: క్రైమ్ కామెడీ, బ్లాక్ కామెడీ, డార్క్ రొమాంటిక్ కామెడీ అని రకరకాలుగా రాస్తున్నారు. తేడా ఉందా, లేక పేర్లేనా? ‘టోన్ కుదరలేదు’ అని విమర్శకులు రాసేదానికి అర్థం ఏమిటి?
– తెలుగు ఉపాధ్యాయురాలు, గుణుపురం

జవాబు: మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది మేడమ్. అది మనకి కొత్తదీ కాదు. మీకు దగ్గరి మనిషే, కళింగానికి చెందిన విశ్వనాథుడు, 14వ శతాబ్దంలో ‘సాహిత్యదర్పణం’లో ఏ రసానికి, అంటే చూసేవాళ్ల మనసులో పుట్టే ఏ భావానికి, ఏది శత్రువో చెప్పాడు. శృంగారానికి (ప్రేమకి) కరుణ (దుఃఖం), బీభత్సం, రౌద్రం, వీరం, భయానకం శత్రువులు. హాస్యానికి భయానకం, కరుణ శత్రువులు. డార్క్ రొమాంటిక్ కామెడీ చేసే పని ఏమిటంటే శృంగారాన్నీ హాస్యాన్నీ వాటి శత్రువులతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం. కుదరకపోతే విమర్శకుడు ‘టోన్ కుదరలేదు’ అంటాడు, పాతకాలం వాళ్లు రసవిరోధం అనేవారు.

శత్రువుల్ని కలపకూడదని శాస్త్రం అనలేదు. ఎలా కలపాలో అంతకుముందే, 9వ శతాబ్దంలో, ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో చెప్పాడు. రెండు రసాల్నీ వేర్వేరు పాత్రల్లో పెట్టు, లేదా మధ్యలో రెండింటికీ పొసగే మూడో రసాన్ని పెట్టు, లేదా ఒకదాన్ని రెండోదానికి లోబడేలా చెయ్యి. ఈ మూడు మాటలూ దగ్గర పెట్టుకుంటే ఏ సినిమా ఎందుకు తప్పిందో వేలు పెట్టి చూపించొచ్చు.

హాలీవుడ్ దర్శకుడు బిల్లీ వైల్డర్ 1960లో తీసిన ‘ది అపార్ట్‌మెంట్’ చూడండి. ఉద్యోగంలో పైకి రావడానికి తన ఫ్లాట్ తాళం పై అధికారుల చాటుమాటు వ్యవహారాలకి ఇచ్చే గుమాస్తా కథ. ఒకసారి ఫ్లాట్‌లో పగిలిన చేతి అద్దం దొరికితే దాన్ని తీసుకెళ్లి బాస్‌కి ఇచ్చేస్తాడు. తర్వాత ఆఫీసు క్రిస్మస్ పార్టీలో కొత్త టోపీ పెట్టుకుని, తాను ఇష్టపడే, ఆఫీసు లిఫ్ట్ నడిపే అమ్మాయిని ఎలా ఉందని అడుగుతాడు. ఆమె తన చేతి అద్దం తీసి ఇస్తుంది. అద్దం నడిమి పగులు. తలమీద నవ్వొచ్చే టోపీ, కింద రెండు ముక్కలైన ముఖం. ఫ్లాట్‌కి వచ్చేది ఎవరో అతనికి ఆ క్షణంలో తెలుస్తుంది. ఒక్క మాట లేకుండా హాస్యం కరుణగా మారిపోయింది. ఆ రాత్రి ఆమె నిద్రమాత్రలు మింగేస్తుంది. పక్కింటి డాక్టరు ఆమెని బతికించే ప్రయత్నంలో ఉంటూనే, ఈ గుమాస్తా రోజుకో అమ్మాయిని తెచ్చే రకం అనుకుని చివాట్లు పెడతాడు. అక్కడ నవ్వొస్తుంది. నవ్వు డాక్టరు అపార్థం మీద, బాధ ఆమెది. వేర్వేరు పాత్రల్లో పెట్టడం అంటే ఇదే. ఉత్తమ చిత్రంతో కలిపి అయిదు ఆస్కార్లు వచ్చిన ఆ సినిమాని కూడా అప్పట్లో మురికి కథ అని కొందరు విమర్శకులు ఈసడించారు.

ఇక పేర్ల తేడా. క్రైమ్ కామెడీలో శవమైనా డబ్బు సంచైనా ఒక వస్తువు, చేతులు మారుతుంటుంది, ఎవరికీ గుండె నొప్పి ఉండదు. బ్లాక్ కామెడీ చావుని, యుద్ధాన్ని, వ్యవస్థని నవ్వుతుంది. డార్క్ రొమాంటిక్ కామెడీలో ప్రమాదం వచ్చేది పక్కన పడుకున్న మనిషి నుంచే. ప్రేమ, పెళ్లి, నమ్మకం వీటిలోనే చీకటి ఉంటుంది. అందుకే మిగతా రెండింటికన్నా దీని మీద విమర్శ వాడిగా వస్తుంది.

ప్రశ్న: మా అత్తయ్య, నేను కలిసి ‘డార్లింగ్స్’ చూశాం. రెండో సగంలో ఆవిడ నవ్వుతూనే ఉన్నారు, నాకు నవ్వు రాలేదు. మా వారైతే ‘మగాణ్ణి కట్టేసి కొట్టడం కామెడీయా’ అని లేచి వెళ్లిపోయారు. విమర్శకులు మెచ్చుకున్నారుగా. మాలో ఎవరిది సరైన మాట?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: చూడనివాళ్ల కోసం రెండు మాటలు. జస్మీత్ కె. రీన్ తీసిన ఈ హిందీ సినిమా 2022 ఆగస్టు 5న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ముంబై బైకుల్లాలో ఒక చాల్, అంటే వరస గదుల పాత అద్దె ఇల్లు. బద్రు ప్రేమించి పెళ్లి చేసుకున్న హంజా రైల్వేలో టికెట్ కలెక్టరు. తాగొచ్చి కొడతాడు, తెల్లారితే బతిమాలతాడు. తాగుడు మానితే మారతాడని ఆమె నమ్మకం. ఒక దెబ్బ తర్వాత ఆ నమ్మకం చస్తుంది. తల్లితో కలిసి అతన్ని ఇంట్లోనే బంధించి, తనకి చేసినవన్నీ అతనికి చేయడం మొదలుపెడుతుంది. ఆలియా భట్, షెఫాలీ షా, విజయ్ వర్మ ముగ్గురి నటననీ విమర్శకులు బాగా మెచ్చారు.

వ్యతిరేకత మూడు రకాలుగా వచ్చింది, మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది విడుదలకి ముందే ట్రైలర్ చూసి బహిష్కరించమన్నవాళ్లది. సినిమా చూడకుండా అన్న మాట అది, విమర్శ కాదు. రెండోది ‘హింసకి హింసా జవాబు’ అన్న నైతిక అభ్యంతరం. మీ వారిది ఇదే. ఇది గౌరవించాల్సిన ప్రశ్న. కానీ ఆయన లేచిపోయారు కాబట్టి సినిమా దానికి ఇచ్చిన జవాబు వినలేదు. తాను అతనిలాగే అయిపోతున్నానా అన్న ప్రశ్న దగ్గరికే చివరికి బద్రు వస్తుంది. ముగింపు ఇక్కడ చెప్పం, ఆయన్ని ఇంకొక్కసారి కూర్చోబెట్టండి.

మూడోది మీది, మా దృష్టిలో అన్నిటికన్నా బలమైంది. మొదటి సగంలో అన్నం తింటుంటే పంటికింద రాయి తగులుతుంది. ఆమె చెయ్యి చాపుతుంది. అతను ఆ రాయి ఆమె అరచేతిలో ఉమ్ముతాడు. ఇంతే. అన్నం తినే ఏ ఇంట్లోవాళ్లకైనా ఆ అరచెయ్యి చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. అలాంటి సూక్ష్మమైన భయం చూపించాక, రెండో సగంలో బంధించడం, దాచడం, పోలీస్ స్టేషన్ తిప్పలు అన్నీ మామూలు దోబూచులాట కామెడీ పద్ధతిలో నడుస్తాయి. భయం అక్కడే ఉండగా నవ్వుని దాని నెత్తిన పెట్టారు, మధ్యలో ఏమీ లేదు. మీకు నవ్వు రాకపోవడం అందుకే. మీ అత్తయ్యగారికి నవ్వు రావడానికి కారణం కూడా చూడండి. ఆవిడ కళ్లు తల్లి పాత్ర మీద ఉండి ఉంటాయి. షెఫాలీ షా ఒక్కొక్క చూపుతో తెప్పించే నవ్వు బాధితురాలి మీద కాదు, అన్నీ దాటొచ్చిన ఒక ఆడమనిషి తెగింపులోంచి వస్తుంది. కాబట్టి మీ ఇద్దరి మాటా సరైనదే, ఎవరు ఏ పాత్ర పక్కన కూర్చుని చూశారన్నదే తేడా.

పోల్చుకోవడానికి అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మలయాళ సినిమా ‘జయ జయ జయ జయ హే’ చూడండి. విపిన్ దాస్ దర్శకుడు. అందులో కోళ్ల ఫారం నడిపే భర్తకి రోజూ టిఫిన్‌కి ఇడియాప్పమే (బియ్యప్పిండి సేమ్యా లాంటిది) కావాలి. చెంపదెబ్బ, తర్వాత బయటికి తీసుకెళ్లి తినిపించి క్షమాపణ, మళ్లీ చెంపదెబ్బ. ఆ వరసే నవ్వు పుట్టిస్తుంది. నవ్వు దెబ్బ మీద కాదు, అతని క్షమాపణ ఎంత అరిగిపోయిందో దాని మీద. జయ చాటుగా వీడియోలు చూసి ఆత్మరక్షణ నేర్చుకుని తిరగబడేసరికి, మనం నవ్వాల్సింది ఎవరిని చూసో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. అందుకే దాని సెకండాఫ్ మీద ‘టోన్’ ఫిర్యాదు తక్కువ. ఈ కొలతలో మలయాళ సినిమాకే మా ఓటు.

సినిమా పక్కన పెట్టి ఒక ముఖ్యమైన మాట. ‘డార్లింగ్స్’లో బద్రు భర్తకి తెలియకుండా తాగుడు మాన్పించే మందు కలుపుతుంది. నిజ జీవితంలో ఎవరూ అలా చేయొద్దు. అలాంటి మందుల్లో కొన్ని కడుపులో ఉండగా మద్యం పడితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం జరుగుతుంది. డాక్టరు చెప్పాలి, తాగే మనిషికి తెలియాలి. ఇంట్లో దెబ్బలుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఒడిశాలోనూ పనిచేస్తుంది.

ప్రశ్న: అందరూ మెచ్చుకున్న చేదు కామెడీలు తెలుగు డబ్బింగ్‌లో చూస్తే చప్పగా ఉంటున్నాయి. విమర్శకులు చూసింది వేరే సినిమానా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఒక రకంగా అవునండీ. ఈ కామెడీకి ప్రాణం మాటలో కాదు, మాటకి ముందూ వెనకా ఉండే మౌనంలో. ‘చచ్చిపోయాడా?’ అని అడిగాక రెండు సెకన్లు ఆగి ‘అనుకుంటా’ అంటే నవ్వు. డబ్బింగ్‌లో పెదాల కదలికకి సరిపెట్టడం కోసం మాటలు సాగదీస్తారు, మౌనంలో ‘అబ్బా’, ‘ఏంటో’ లాంటివి ఇరికిస్తారు. గొంతులు కూడా కామెడీ గొంతులు పెడతారు. అసలు నటుడు చావు కబురు ఎంత మామూలుగా చెబితే అంత నవ్వొచ్చే చోట, డబ్బింగ్ ఆర్టిస్టు నవ్వించాలని చెబుతాడు. పాడయ్యేది అక్కడే.

ఓటీటీలో ‘ఆడియో’ని ఒరిజినల్ భాషకి మార్చి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఒడియా, హిందీ రోజూ చెవిన పడే మీకు హిందీ సినిమాకి అవి కూడా అక్కర్లేకపోవచ్చు. సబ్‌టైటిల్స్‌తో ఒక ఇబ్బంది ఉంది. నటుడు ఆగే లోపే రెండో ముక్క తెర మీద పడిపోతుంది, మనం జోకు ముందే చదివేస్తాం. అక్షరాల సైజు చిన్నది పెట్టుకుని ముందు ముఖం చూడండి, తర్వాత కిందికి చూడండి. పది నిమిషాల్లో అలవాటవుతుంది. ఫోన్లో చూడటం మాత్రం వద్దు. పగిలిన అద్దం, అరచేతిలో రాయి లాంటివి ఆరంగుళాల తెరమీద కనపడవు.

ప్రశ్న: మా లైబ్రరీలో పదిహేను మందిమి నెలకో సినిమా మాట్లాడుకుంటాం. వచ్చే నెల ఒక డార్క్ రొమాంటిక్ కామెడీ పెట్టాం. చర్చ గొడవ కాకుండా, మా గోడపత్రికకి మంచి రివ్యూ వచ్చేలా ఎలా చేయాలి?
– సినిమా అభిమానులు, పర్లాకిమిడి

జవాబు: ఎంత మంచి పని! ముందుగా ఒక జాగ్రత్త. ఒకరి ఇంటి ఓటీటీ అకౌంట్‌తో లైబ్రరీలో అందరికీ వేసి చూపించకండి. ఆ చందా సొంతంగా చూసుకోవడానికే. ఎవరింట్లో వాళ్లు చూసి రండి. దానివల్ల లాభమే ఉంది, పక్కవాడి నవ్వు మీ నవ్వుని లాగదు.

చూసేటప్పుడు ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో తెరమీద కనపడే సమయం, రెండోదాంట్లో ఏం జరిగింది, మూడోదాంట్లో మీకేమైంది. మూడో గడిలో మూడే మాటలు: ‘నవ్వాను’, ‘నవ్వు ఆగింది’, ‘మనసు కదిలింది’. కథ రాసుకోవద్దు. రెండు గంటల సినిమాకి ఇరవై ముప్పై వరసలు చాలు. ఓటీటీ కాబట్టి అందరికీ సమయం ఒకటే. కాగితాలు పక్కపక్కన పెడితే పదిహేను మందిలో పదిమందికి నవ్వు ఆగిన నిమిషం ఇట్టే దొరుకుతుంది. చర్చ అక్కడ మొదలుపెట్టండి. ‘బాగుందా బాగోలేదా’ అని మొదలుపెడితే గట్టిగా మాట్లాడే ఇద్దరిదే సభ అవుతుంది. నోరు విప్పకముందే కాగితాలు అందరూ బల్ల మీద పెట్టేయాలి, తర్వాత దిద్దుకోకూడదు.

ఆ నిమిషం తెరిచాక మూడు విషయాలు తేల్చండి. అక్కడ నవ్వు ఎవరి మీద? బాధ పడుతున్న మనిషి మీదా, బాధ పెట్టినవాడి మీదా, చుట్టూ ఉన్నవాళ్ల అపార్థం మీదా? రెండు, బాధ నుంచి నవ్వుకి మారడానికి సినిమా ఎంత సమయం ఇచ్చింది? మూడు, ఆ నవ్వుకి తర్వాత లెక్క చెప్పిందా, లేక ఏమీ జరగనట్టు పాటలోకి వెళ్లిపోయిందా?

గోడపత్రికకి 300 మాటలు చాలు. కథ 50 మాటలు, అదీ మొదటి అరగంట దాటకుండా. ఇలాంటి సినిమాలో మలుపు చెప్పేయడం చూడబోయేవాళ్లకి చేసే అన్యాయం. తర్వాత 150 మాటల్లో రెండంటే రెండు సీన్లు, కుదిరింది ఒకటి, కుదరనిది ఒకటి, కళ్లకి కట్టేలా. 70 మాటల్లో మీలో ఎవరెవరు ఎందుకు విడిపోయారో. చివరి 30 మాటల్లో ఎవరికి నచ్చుతుంది, ఎవరు చూడకపోవడం మంచిదో. ఆత్మహత్య, గృహహింస సీన్లుంటే తప్పక చెప్పండి, అది మలుపు విప్పినట్టు కాదు. ‘సెకండాఫ్ ల్యాగ్’ అన్న మాట రాస్తే పక్కనే కారణం ఉండాలి. ‘బంధించాక ఇరవై నిమిషాలు కథ కదల్లేదు’ అంటే విమర్శ. ‘ల్యాగ్’ అని వదిలేస్తే ఆవలింత. భాష ఎలా ఉండాలో మీ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అరుగు మీద ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయండి.

మీలో పెద్దవాళ్లు ‘ఇలాంటివి మన సంప్రదాయం కాదు’ అంటే ‘కన్యాశుల్కం’ గుర్తుచేయండి. 1892లో మీకు ఆమడల దూరంలోని విజయనగరంలో మొదటిసారి ఆడింది. ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్ల సుబ్బిని అమ్మబోతారు, చివరికి ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి ఇచ్చి పెళ్లి చేస్తారు. పెళ్లితంతు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం, కానీ నవ్వుతున్నది పసిపిల్లల బేరం చుట్టూ. గురజాడ ఆ నవ్వుని ఒక్కసారి కూడా సుబ్బి మీద పడనివ్వలేదు, కొనేవాడి మీద, అమ్మేవాడి మీదే పడేశాడు.

మొదటిరోజు మీకు నచ్చకపోయినా కాగితాలు పారేయకండి. 1971లో వచ్చిన ‘హెరాల్డ్ అండ్ మాడ్’, చావు ఆటలాడే కుర్రాడికీ 79 ఏళ్ల పెద్దావిడకీ మధ్య ప్రేమకథ. వెరైటీ పత్రిక దాన్ని తగలబడుతున్న అనాథాశ్రమంతో పోల్చింది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకి ఒకటిన్నర స్టార్ ఇచ్చాడు. అదే సినిమాని 1997లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఎంపిక చేశారు. ఏడాది తర్వాత అదే సినిమా మళ్లీ చూసి, కొత్త కాగితం రాసి, పాతదాని పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: ‘యూఏ 16 ప్లస్’ అని ఉన్న ఇలాంటి సినిమాకి పద్నాలుగేళ్ల మా అమ్మాయిని తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, కోరాపుట్టు

జవాబు: వెళ్లొచ్చండీ, చట్టం అడ్డు చెప్పదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక యూఏని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు చేశారు. ఇవి తల్లిదండ్రులకి సూచనలు మాత్రమే. ‘ఎ’ సర్టిఫికెట్ అయితే 18 నిండనివాళ్లని థియేటర్‌లోకి పంపకూడదు. 16 ప్లస్ అని ఎందుకు వేశారో తెలుసుకుని వెళ్లండి. బూతుమాటల కోసమైతే ఒక సంగతి, ఆత్మహత్య ప్రయత్నం చూపించడం వల్ల అయితే ఇంకో సంగతి. రెండోదైతే మీరు ముందు ఒక్కరే చూసి రండి.